ద్వీపవాసి చేత కలం పట్టించినవారు

(ఉగాది వేడుకల సభలో చేసిన ప్రసంగము)



మమ్మల్ని మాట్లాడమని కార్యదర్శిగారు అడిగినప్పుడు జంకినాము. మాది పార్సెల్ ఆఫీసులో గుమాస్తా పని. చదువు మెట్రిక్. ఈ వేదిక మీద ఇదివరకు మాట్లాడినవారు పండితులు, కవులు. అయినా కార్యదర్శిగారు వదలలేదు. "నిరుటి సంగతి మీరే చెప్పాలి, తప్పు మీదే గనుక" అన్నారు. ఆ మాట న్యాయమైనది. కనుక తప్పుతోనే మొదలుపెడతాము.

మన ఖుర్దా రోడ్ కాలనీలో తెలుగువారు బెంగాల్ నాగపూర్ రైల్వే నాటి నుండి ఉన్నారు. శ్రీకాకుళం వైపు నుండి, గంజాం నుండి గ్యాంగు పనికి, లోకో షెడ్డు పనికి, పాయింట్స్‌మన్లుగా వచ్చినవారి మనుమలము, మునిమనుమలము మనము. ఆ తొలి రాకను కళ్ళారా చూసినవారు ఇప్పుడు లేరు గాని, వారి నోట విన్నవారు ఇంకా పది పదిహేను మంది ఉన్నారు. వారి జ్ఞాపకాలు సంచికలో వేయాలని నిరుడు సంకల్పించి ఒక ఫారము అచ్చు వేయించినాము. "తమ పూర్వీకులు ఏ సంవత్సరమున, ఏ గ్రామము నుండి, ఏ ఉద్యోగరీత్యా ఇచ్చటికి వచ్చిరి? హోదా ఏమి? పదవీ విరమణ తేదీ ఏది? రెండు పుటలకు మించకుండ వ్రాసి పంపగోరుచున్నాము." ఇదీ ఆ ఫారము. పద్నాలుగు ఇళ్ళకు పంపినాము. రెండు తిరిగి వచ్చినవి. ఒకదానిలో సంతకం తప్ప ఏమీ లేదు. రెండోదానికి రేషన్ కార్డు నకలు జత చేసి ఉన్నది. ఆ పెద్దాయన అది ఏదో సర్కారు సాయం కోసం వచ్చిన దరఖాస్తు అనుకున్నాడట.

మాకు కోపం వచ్చింది. మనవాళ్ళకు శ్రద్ధ లేదు, మన చరిత్ర మనకే పట్టలేదు అని సంఘం మీటింగులో పెద్ద ఉపన్యాసం ఇచ్చినాము. ఆ ఉపన్యాసాన్ని ఈవేళ వాపసు తీసుకుంటున్నాము. ఎందుకు తీసుకుంటున్నామో చెప్పడానికే ఈ ప్రసంగం.

వానాకాలంలో ఒక రాత్రి డ్యూటీకని ఇన్‌స్టిట్యూట్ లైబ్రరీ నుండి ఒక పుస్తకం తెచ్చుకున్నాము. తెచ్చుకున్నది అట్ట మీద పడవ బొమ్మ చూసి. పేరు 'ది ఐలాండ్‌మన్'. ద్వీపవాసి అన్నమాట. నిఘంటువు పక్కన పెట్టుకుని మూడు వారాలు చదివినాము. ఆ తరువాత ఆ ద్వీపాన్ని గురించి దొరికినదల్లా చదివినాము.

ఐర్లండు దేశానికి పడమట కొసన, కెర్రీ జిల్లాలో, గ్రేట్ బ్లాస్కెట్ అనే ద్వీపం ఉన్నది. పొడవు సుమారు నాలుగు మైళ్ళు, వెడల్పు అర మైలు. అంతా కొండ. ఒడ్డున డన్‌క్విన్ అనే పల్లె. మధ్యలో ఉన్నది మూడు మైళ్ళ సముద్రమే. కాని అది అట్లాంటిక్ సముద్రం. చెక్క చట్రానికి గుడ్డ బిగించి తారు పూసిన తేలిక పడవలు తప్ప వారికి వేరే వాహనం లేదు. గాలి లేస్తే వారాల తరబడి ఇటు మనిషి అటు పోలేడు. ద్వీపంలో అంగడి లేదు, వైద్యుడు లేడు, గుడి లేదు. చేపలు, ఆలుగడ్డలు, కుందేళ్ళు, పొయ్యిలోకి కొండ మీద కోసి ఎండబెట్టిన మట్టిగడ్డలు. 1916 ప్రాంతంలో జనం ఎక్కువగా ఉన్నప్పుడు కూడా సుమారు 175 మంది. మన సౌత్ కాలనీలో ఒక్క వరుస క్వార్టర్లలో అంతకన్నా ఎక్కువమంది ఉంటారు.

ఇంత చిన్న చోటి నుండి ఇరవయ్యో శతాబ్దంలో ఒక వరుస పుస్తకాలు వచ్చినవి. వ్రాసినవారు జాలరులు, వారి ఇంటి ఆడవారు. అవి ఇంగ్లీషులోకి, ఇంకా అనేక భాషల్లోకి వెళ్ళినవి. ఇది ఎట్లా జరిగింది? వారి దగ్గరికి కూడా పైనుండి మనుషులు వచ్చినారు. అయితే ఆ వచ్చినవారు ఫారము పట్టుకుని రాలేదు.

1907లో కార్ల్ మార్‌స్ట్రాండర్ అనే నార్వే పండితుడు ఐరిష్ భాష నేర్చుకోవాలని ఆ ద్వీపానికి వచ్చినాడు. భాష బాగా తెలిసినవాడెవడని విచారిస్తే తోమాస్ ఓ క్రోహన్ అనే జాలరిని చూపించినారు. అప్పటికి ఆయనకు యాభై దాటినవి. పగలు వేట, సాయంత్రం ఈ పండితునికి పాఠం. మార్‌స్ట్రాండర్ దొర అయిదు నెలలు అక్కడే ఉన్నాడు. ఊరివారు అతనిని "లాఖ్లనక్", అనగా ఉత్తరదేశపువాడు అని పిలుచుకున్నారు. గురువు జాలరి, శిష్యుడు పండితుడు! సంగతి మొదలైంది ఈ వరసలో. ఇంటికి పోయిన తరువాత అతడు తోమాస్‌కు కాగితాల చుట్ట పంపి, మీ దీవిలోని జంతువుల పేర్లు, పక్షుల పేర్లు, చేపల పేర్లు, మొక్కల పేర్లు వ్రాసి పంపమన్నాడు. తోమాస్ వ్రాసినాడు. ఆయన కలం పట్టింది తనకు బాగా తెలిసిన సంగతులతో. తేదీలతో, హోదాలతో కాదు.

ఇక్కడ ఒక మాట ఆగి చెప్పాలి. ఆ తోమాస్ చిన్నప్పుడు బడికి పోయినాడు. బడిలో చెప్పింది ఇంగ్లీషు. ఇంట్లో, పడవలో, బావి దగ్గర మాట్లాడేది ఐరిష్. తన సొంత భాష అక్షరాలు ఆయనకు రావు. సుమారు నలభయ్యో ఏట, గాలి వల్ల ఒడ్డున డన్‌క్విన్‌లో చిక్కుబడిపోయిన రోజుల్లో, అక్కడి బడిపిల్లల పుస్తకాలు చూసి, ఆ పిల్లల చేతనే చెప్పించుకుని, తన భాష చదవడం నేర్చుకున్నాడు. మన ఇళ్ళలో ఎందరు పిల్లలకు తెలుగు నోట వచ్చి చేతికి రాదో, ఆ తల్లిదండ్రులకు ఈ సంగతి వేరే విప్పి చెప్పనక్కర లేదు.

మార్‌స్ట్రాండర్ శిష్యుడు రాబిన్ ఫ్లవర్ 1910లో వచ్చినాడు. లండను బ్రిటిష్ మ్యూజియంలో వ్రాతప్రతుల శాఖలో ఉద్యోగి. ఆయన ఒకసారి చూసి పోలేదు. ఏళ్ళ తరబడి సెలవు దొరికినప్పుడల్లా వచ్చినాడు, భార్యాపిల్లలతో కూడా వచ్చినాడు. దీవివారు ఆయన్ను "బ్లాహీన్", చిన్ని పువ్వు, అని ముద్దుగా పిలిచేవారు. ఇందాక మేము చెప్పిన 'ది ఐలాండ్‌మన్' అనే ఇంగ్లీషు అనువాదం 1934లో చేసింది ఈయనే.

కాని మా మనసు పట్టుకున్నవాడు ఫ్లవరు కాదు. ఆయన పండితుడు, ఆయనకు పేరూ వచ్చింది. మా మనసు పట్టుకున్నవాడు బ్రయన్ కెల్లీ అనే కిలార్నీ ఊరివాడు. 1917లో అతడు దీవికి వచ్చి తోమాస్‌తో స్నేహం చేసినాడు. నీ జీవితం వ్రాయి అన్నాడు. తోమాస్ నవ్వి ఉంటాడు. మా బ్రతుకులో వ్రాయడానికి ఏమున్నది? చేపలు పట్టినాము, పిల్లలను కన్నాము, పాతిపెట్టినాము. ఆయనకు పదిమంది పిల్లలు. ఒకడు పక్షిపిల్లల కోసం పోయి కొండ అంచు నుండి పడిపోయినాడు. ఇంకొకడు 1909లో, మునిగిపోతున్న పట్నపు అమ్మాయిని కాపాడబోయి ఆమెతోపాటే మునిగిపోయినాడు. రోగాలకు పోయినవారు వేరే.

అప్పుడు కెల్లీ ఏమి చేసినాడు? ఉపన్యాసం ఇవ్వలేదు. (మేము ఇచ్చినాము.) రెండు పుస్తకాలు తీసి చదివి వినిపించినాడు. ఒకటి పియర్ లోటీ అనే ఫ్రెంచి రచయిత ఐస్‌లండు సముద్రంలో చేపలు పట్టే జాలరుల మీద వ్రాసిన నవల. రెండోది రష్యావాడు గోర్కీ తన బాల్యం మీద, పేదల మీద వ్రాసినది. తోమాస్‌కు విషయం తెలిసిపోయింది. ఎక్కడి ఫ్రెంచి జాలరులో, ఎక్కడి రష్యా కూలీలో పుస్తకానికి ఎక్కగా, మా దీవివారు ఎందుకు ఎక్కకూడదు?

కెల్లీ కాగితాలు ఇచ్చినాడు, కలం ఇచ్చినాడు. రోజూ జరిగినది రోజూ వ్రాసి పంపమన్నాడు. 1919 నుండి సుమారు నాలుగేళ్ళు తోమాస్ అట్లాగే పంపినాడు. బావి దగ్గర ఆడవాళ్ళు ఏమనుకున్నారు, ఎవరి గాడిద ఎవరి చేలో పడింది, వానలో పడవ తీయాలా వద్దా అని ఇద్దరు ఎట్లా పోట్లాడుకున్నారు, ఇవే అందులో సంగతులు. పెద్ద సంగతి ఒక్కటీ లేదు. చదువుతుంటే మన కాలనీ కుళాయి దగ్గర నిలబడినట్టుంటుంది.

ఆ ఉత్తరాలు ఎట్లా పోయేవో ఆలోచించడం మాకు వృత్తిరీత్యా సరదా. దీవికి ఒక "రాజు" ఉండేవాడు. కిరీటం లేని రాజు, అందరిలాగే జాలరి, తపాలా తెచ్చేవాడూ ఆయనే. ఆయన పడవలో సంచీ డన్‌క్విన్ చేరాలి. అక్కడి నుండి కొండ దాటి డింగిల్ ఊరికి. డింగిల్ నుండి ట్రలీకి 1891లో వేసిన మూడడుగుల చిన్న గేజి రైలు ఉన్నది. ఆ కాగితాలు ఆ రైలెక్కే కిలార్నీ దిక్కుకు పోయి ఉంటాయని మా నమ్మకం. ఎవరో మావంటి గుమాస్తా ఆ సంచీని తూచి, చీటీ కట్టి, దానిలో ఏమున్నదో తెలియకుండానే బండిలో వేసి ఉంటాడు. ఆ రైలుకు 1939లో ప్రయాణీకులు ఆగిపోయినారు, 1953లో మొత్తమే మూతపడింది.

కెల్లీ ఆ వ్రాతలను అచ్చు వేయించలేకపోయినాడు. చాలా తిరిగినాడు, కుదరలేదు. చివరకు వాటిని ఒక సంపాదకుని చేతిలో పెట్టినాడు. ఆ సంపాదకుని వల్ల దినచర్య 1928లో, జీవితచరిత్ర 1929లో ఐరిష్‌లోనే వెలువడినవి. కెల్లీ దేశం విడిచి పోయి 1936లో యుగోస్లావియాలో చనిపోయినాడు. తోమాస్ మరుసటి సంవత్సరం పోయినాడు. కెల్లీ తన పేరు మీద ఏమీ వ్రాసుకోలేదు. కాగితం అందించినాడు, కాగితం అందుకున్నాడు, అంతే.

ఒక జాలరి పుస్తకం వచ్చేసరికి పక్కింటివారికీ ధైర్యం వచ్చింది. మారిస్ ఓ సలివన్ అనే కుర్రవాడికి జార్జ్ థామ్సన్ అనే కేంబ్రిడ్జి విద్యార్థి స్నేహితుడైనాడు. అమెరికా పోబోతున్న మారిస్‌ను ఆపి డబ్లిన్‌లో పోలీసు ఉద్యోగంలో చేరేటట్టు చేసింది థామ్సనే. 1933లో మారిస్ తన బాల్యం వ్రాసినాడు. అదే సంవత్సరం అది ఇంగ్లీషులోకి కూడా వచ్చింది.

ఇక పెగ్ సేయర్స్. పెళ్ళి చేసుకుని ఒడ్డు నుండి దీవికి కాపురానికి వచ్చిన మనిషి. కథలు చెప్పడంలో ఆమెకు సాటి లేరు, ఆమె నోట వందలకొద్దీ కథలు వ్రాసుకున్నారు. కాని తన భాష ఆమెకు వ్రాయరాదు. ఆమె చెప్తూ ఉంటే అమెరికా నుండి తిరిగి వచ్చిన కొడుకు పక్కన కూర్చుని వ్రాసినాడు. 1936లో అది పుస్తకమైంది. తల్లి నోరు, కొడుకు చేయి. ఈ మాట గుర్తుంచుకోండి, దీని అవసరం మళ్ళీ వస్తుంది.

అంతా బాగానే జరిగిందని చెప్పి మిమ్మల్ని మభ్యపెట్టము. సంపాదకుడు తోమాస్ వ్రాసినదానిలో కొంత మోటుగా ఉన్నదని తీసివేసినాడు. తీసివేసినది కలిపి నిండు ప్రతి రావడానికి 2002 దాకా పట్టింది. పెగ్ పుస్తకాన్ని ఐర్లండు బడుల్లో తప్పనిసరి పాఠంగా పెడితే, కొన్ని తరాల పిల్లలు ఆమె పేరు చెప్తే ముఖం ముడుచుకునేటట్టు తయారైనారు. నోటికి రుచిగా ఉన్నది బలవంతంగా మింగిస్తే ఎట్లా ఉంటుందో మన ఉగాది పచ్చడి విషయంలో పిల్లలను అడగండి.

పుస్తకాలు దీవిని కాపాడనూ లేదు. యువకులు ఒక్కొక్కరే అమెరికా పోయినారు. మాసచూసెట్స్‌లో స్ప్రింగ్‌ఫీల్డ్ అనే ఊళ్ళో బ్లాస్కెట్‌వారు గుంపుగా స్థిరపడ్డారు, మనం ఇక్కడ స్థిరపడినట్టే. పిల్లలు లేక 1941లో బడి మూసినారు. 1946-47 చలికాలంలో ఒక యువకునికి మెదడువాపు జ్వరం వచ్చింది. సముద్రం లేచి ఉన్నది, వైద్యుడు రాలేకపోయినాడు, అతడు పోయినాడు. 1947 ఏప్రిల్‌లో తుపానుకు చిక్కి తిండి అయిపోతే, తిండి పంపమని దీవివారు దేశ ప్రధాని డి వలేరాకు తంతి ఇచ్చినారు. ఆయన ఆ వేసవిలో స్వయంగా వచ్చి చూసినాడు. 1953 నవంబరులో మిగిలిన 22 మందిని ఒడ్డుకు చేర్చే ఏర్పాటు జరిగింది. చిన్న రైలు మూతపడిన సంవత్సరమే దీవి కూడా ఖాళీ అయింది. ఇప్పుడు అక్కడ గోడలు ఉన్నవి, వేసవిలో చూడడానికి పోయేవారు ఉన్నారు. ఆ గోడల మధ్య ఎవరు ఎట్లా నవ్వుకున్నారో, దేనికి తిట్టుకున్నారో మనకు తెలియడానికి కారణం ఆ కాగితాలు.

పుస్తకం లైబ్రరీలో తిరిగి ఇచ్చిన రోజు సాయంత్రం మా ఫారము ఒకటి తీసి చూసుకున్నాము. సిగ్గు వేసింది. బట్వాడా చేయలేక షెడ్డులో పడి ఉన్న పార్సెలుకు వ్రాసే నోటీసు కూడా దానికన్నా మర్యాదగా ఉంటుంది.

మరుసటి ఆదివారం ఫారము లేకుండా ఒక మామ్మగారి ఇంటికి పోయినాము. పేరు చెప్పవద్దన్నారు. పలాస దగ్గరి పల్లె నుండి పెళ్ళయి ఇక్కడికి వచ్చిన మనిషి. భర్త లోకో షెడ్డులో చేసేవారు. నిరుడు మా ఫారము వారింటికీ పోయింది. అది ఇప్పుడు బియ్యం డబ్బా మూత కింద మడిచి ఉన్నది.

"మామ్మా, మీ సంగతులు వ్రాసుకుందామని వచ్చినాము" అన్నాము.

"నా సంగతులేటి బాబూ, రాసీదానికేటుంది? వండినాను, పెట్టినాను" అన్నది.

చూడండి, తోమాస్ మాటే! మేము కెల్లీని తలచుకుని, జేబులో తెచ్చుకున్న కాగితాల నుండి బ్లాస్కెట్ బావి దగ్గరి ముచ్చట ఒకటి మన మాటల్లో చెప్పినాము. ఆమె పక్కున నవ్వింది. "అదేటి, మన కుళాయి కాడ ఇంతకన్నా పెద్ద జగడాలయ్యీవి" అని మొదలుపెట్టింది. టీ రెండుసార్లు అయింది. కుళాయి నుండి బొగ్గు కుంపటికి, కుంపటి నుండి 1974 మే నెలకు వచ్చింది. ఆ నెల దేశమంతటా రైల్వే సమ్మె జరిగింది, ఇరవై రోజులు. "మీ తాత ఆ ఇరవై రోజులూ ఇంటికి రాలేదు బాబూ. రాత్రి ఎవలైనా తలుపు కొడితే ఈ గుంటల్ని మంచం కిందకి తోసీదాన్ని. పక్కింటి ఒడియా ఆవిడ సీకటి పడ్డాక గోడ మీద నుంచి పఖాళ గిన్నె అందించీది. నాకు ఒడియా రాదు, దానికి తెలుగు రాదు. గిన్నె వొచ్చిందంటే అది బతికుందీ, నేనూ బతికున్నానని."

మేము ఈ కాలనీలోనే పుట్టినాము. ఆ గోడ పక్కనే గోలీలు ఆడినాము. ఈ సంగతి వినడం ఇదే మొదటిసారి. మా ఫారములో దీనికి గడి లేదు. హోదా అడిగినాము, తేదీ అడిగినాము, గిన్నె సంగతి అడగలేదు. మా నాయనగారు కూడా ఆ సమ్మెనాటివారే. ఆయన పోయి ఆరేళ్ళయింది. ఆయన్ను ఒక్క ప్రశ్న అడగలేదు. ఆయన చెప్పలేదని ఇన్నాళ్ళు అనుకుంటూ వచ్చినాము.

మామ్మగారికి వ్రాయరాదు. ఇంట్లో తొమ్మిదో తరగతి మనుమడు ఉన్నాడు. నీవు వ్రాయవోయ్ అన్నాము. వాడు తల వంచుకున్నాడు. తెలుగు మాట్లాడతాడు, అక్షరాలు రావు. ఒడియా, హిందీ, ఇంగ్లీషు వ్రాస్తాడు. మేము ఏమి చెప్పాలో తోచక ఊరుకున్నాము. కాసేపటికి వాడే, "అంకుల్, ఒడియా అక్షరాల్లో తెలుగు వ్రాస్తే పనికొస్తుందా?" అని అడిగినాడు.

ఈ ప్రశ్నకు సంఘంలో రెండు అభిప్రాయాలు వచ్చినవి. లిపి లేని తెలుగు తెలుగేనా అని ఒక పెద్దాయన కోప్పడ్డారు. ఆయన బాధ మాకు అర్థమైంది, ఆయన ఎన్నో ఏళ్ళు ఈ సంఘం తరఫున తెలుగు బడి నడిపినవారు. మేము మాత్రం వ్రాయమన్నాము. బ్లాస్కెట్ జాలరి కూడా మొదట్లో తనకు తోచిన అక్షరక్రమంలోనే వ్రాసినాడు. లిపి మార్చే పని మేము చేసుకుంటాము. అదే పెద్దాయన ఇప్పుడు ఆ ఒడియా అక్షరాల తెలుగును మన అక్షరాల్లోకి ఎత్తడంలో మాకు సాయం చేస్తున్నారని, కుర్రవాడిని పక్కన కూర్చోబెట్టుకుని అక్షరానికి అక్షరం చూపిస్తూ చేస్తున్నారని మనవి చేస్తున్నాము. "గుంటలు" అనే మాటను "పిల్లలు" అని దిద్దబోయినారు. దిద్దవద్దని బ్రతిమాలినాము. రెండు రోజులు ఆలోచించి ఒప్పుకున్నారు.

కనుక ఈ సంవత్సరం ఫారములు లేవు. గుమ్మం దగ్గర బల్ల మీద పన్నెండు నోటు పుస్తకాలు, పన్నెండు కలాలు పెట్టినాము. ఇంట్లో పెద్దవారున్న కుటుంబం ఒక్కొక్కటి తీసుకుపోవచ్చు. చెప్పేవారు పెద్దలు, వ్రాసేవారు పిల్లలు. ఏ లిపి అయినా సరే. రెండు పుటలు మించకూడదనే నిబంధన ఎత్తివేసినాము. అయితే తీసుకున్నవారింటికి నెలకొక ఆదివారం మేము వచ్చి కూర్చుంటాము, టీ ఖర్చు మీది. అచ్చు ఖర్చుకు కోశాధికారిగారు ఇంకా ఒప్పుకోలేదు. వారు ఇక్కడే ఉన్నారు గనుక అందరి ఎదుట అడుగుతున్నాము.

మామ్మగారు ఈవేళ రాలేదు, మోకాలి నొప్పి. ఆమె పుస్తకం ఇరవై రెండో పుటలో ఉన్నది. సమ్మె పన్నెండో రోజు దాకా వచ్చింది. ఆ రాత్రి తలుపు కొట్టినదెవరో వచ్చే ఆదివారం చెప్తానన్నది. కార్యదర్శిగారు గంట మీద చేయి వేసినారు. సెలవు.